తోటకు కావలి, తమ్ముడికి కావలి

ఒక ఆదివారం మా సంఘంలో ఆరాధన తర్వాత సహవాస భోజనం ఉంది. ఆ రోజు వాక్యం 104వ కీర్తన. కొండల మధ్య పారే ఊటలు, కొమ్మల్లో గూళ్లు కట్టుకునే పక్షులు, ఆహారం కోసం దేవుడివైపు చూసే సింహపు పిల్లలు. పాస్టరుగారు మనసు పెట్టి చెప్పారు, మేమూ మనసు పెట్టి విన్నాం. భోజనాలయ్యాక సర్దడానికి ఆగిన నలుగురిలో నేనొకణ్ని. బల్లల నిండా చిన్న ప్లాస్టిక్ నీళ్ల సీసాలు. చాలావాటిలో సగం నీళ్లు అలాగే ఉన్నాయి. మూత తీసి, రెండు గుక్కలు తాగి, పక్కన పెట్టేసినవి. ఏది ఎవరిదో తెలియక మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు. నీళ్లు ఒంపేసి సీసాలు నల్ల సంచిలో వేస్తుంటే ఒక అన్నయ్య, "పక్షుల గురించి అంత చెప్పారు, వీటి గురించి కూడా ఒక ముక్క చెప్పుంటే బాగుండేది" అన్నాడు. పక్కనే బల్ల తుడుస్తున్న ఇంకొకాయన నవ్వి, "ఎందుకు బ్రదర్, ప్రభువు వచ్చిన రోజున అన్నీ కాలిపోయేవేగా" అన్నాడు.

సరదాకే అన్నాడు. కానీ ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. పర్యావరణం అనగానే చాలామంది విశ్వాసుల్లో కనిపించే తటపటాయింపు అంతా అందులోనే ఉంది. ప్లాస్టిక్ మంచిదని ఎవరూ అనరు. చెట్లు కొట్టేయమని ఎవరూ ప్రార్థించరు. అయినా ఈ విషయం వాక్యానికి సంబంధించినది కాదనీ, మంచి పౌరుడు చేయాల్సిన పనే తప్ప శిష్యుడు చేయాల్సిన పని కాదనీ ఎక్కడో ఒక నమ్మకం. ఆ నమ్మకానికి రెండు వచనాలు ఆధారం. ఒకటి బైబిల్ మొదటి పేజీలో ఉంది, ఇంకొకటి దాదాపు చివర్లో ఉంది. మొదటిది "ఏలుడి" అంటుంది, రెండోది "కాలిపోవును" అంటుంది. ఈ రెండూ కలిపి చదివితే భూమి మనకిచ్చిన సొత్తు, అదీ పారేయబోయే సొత్తు అన్నట్టు వినిపిస్తుంది. నిజంగా అలాగే రాసి ఉందా?

ఏలుడి అంటే

ఆదికాండము 1:28లో దేవుడు మనుషులతో భూమిని "లోపరచుకొనుడి" అనీ, చేపలను, పక్షులను, ప్రాకు ప్రతి జీవిని "ఏలుడి" అనీ అంటాడు. ఈ వచనం మీద పెద్ద నింద ఒకటి ఉంది. మధ్యయుగాల చరిత్రకారుడు లిన్ వైట్ 1967 మార్చిలో 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ప్రకృతి ఉన్నదే మనిషి కోసమని పాశ్చాత్య క్రైస్తవం నేర్పింది కాబట్టే ఈ పర్యావరణ సంక్షోభం వచ్చిందని అందులో వాదించాడు. ఆ వ్యాసం ఆ తర్వాత యాభై ఏళ్ల చర్చను నడిపించింది. వైట్ చర్చికి బయటివాడు కాదన్న సంగతి మాత్రం దాన్ని తిట్టేవాళ్లూ మెచ్చుకునేవాళ్లూ ఇద్దరూ మర్చిపోతారు. వ్యాసం చివర ఆయన మతాన్ని వదిలేయమని చెప్పలేదు. పదమూడో శతాబ్దపు సన్యాసి అస్సీసీ ఫ్రాన్సిస్‌ను పర్యావరణవేత్తలకు రక్షక పునీతుడిగా పెట్టుకుందామని ప్రతిపాదించాడు. పన్నెండేళ్ల తర్వాత, 1979లో, పోప్ రెండో జాన్ పాల్ సరిగ్గా ఆ పనే చేశారు.

వైట్ చెప్పినదంతా ఒప్పుకోనక్కర్లేదు. బైబిల్ పేరు కూడా వినని సామ్రాజ్యాలు అడవులు నరికాయి, నేలలను చవుడు చేశాయి. అయినా ఆయన నిందను పూర్తిగా కొట్టిపారేయడం కూడా నిజాయితీ కాదు. "లోపరచుకొనుడి" అన్న చోట ఉన్న హీబ్రూ క్రియ 'కాబష్' మెత్తని మాట కాదు. దేశాన్ని జయించడానికీ, మనుషుల్ని బానిసలుగా పట్టుకోవడానికీ బైబిల్లోనే ఆ మాట వాడారు. దానికి "ప్రేమగా చూసుకొనుడి" అని అర్థం చెప్పే ప్రసంగాలు నేను విన్నాను. అలా చెప్పకూడదు. అడవి మృగాలూ ముళ్లపొదలూ మనిషిని మింగేసే కాలంలో, చేతిలో కర్రతో నేలతో పోరాడిన రైతుకు చెప్పిన మాట అది.

అసలు విషయం రెండో మాటలో ఉంది. 'రాదా', అంటే ఏలడం. ఏలడం ఎలా ఉండాలన్నది బైబిల్ మన ఊహకు వదిలేయలేదు. 72వ కీర్తనలో ఆదర్శ రాజు సముద్రం నుంచి సముద్రం వరకు ఏలుతాడని చెప్పేటప్పుడు ఇదే క్రియ ఉంది. ఆ రాజు ఏం చేస్తాడట? మొరపెట్టిన దరిద్రుల్ని విడిపిస్తాడు, దిక్కులేనివాళ్లను రక్షిస్తాడు. యెహెజ్కేలు 34లో అదే మాట తిరగబడి వస్తుంది. మందను కఠినంగా ఏలిన కాపరుల మీద దేవుడు మండిపడతాడు. గొర్రెల కొవ్వు తిన్నారు, బొచ్చు కప్పుకున్నారు, మందను మాత్రం మేపలేదు. పాలకుడు అన్న పదవి రాగానే దోచుకునే హక్కు కూడా వచ్చిందనుకున్న ప్రతి రాజునూ ప్రవక్తలు ఉతికి ఆరేశారు. మరి భూమి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ మాటకు దోపిడీ అనే అర్థం ఎక్కణ్నుంచి వచ్చింది?

ఆదికాండము మొదటి అధ్యాయంలోనే ఇంకొన్ని చిన్న సంగతులు కూడా ఉన్నాయి. "ఫలించి అభివృద్ధి పొందుడి" అన్న దీవెన ముందు అందుకున్నది మనం కాదు, అయిదో రోజున చేపలూ పక్షులూ. మనిషికి ప్రత్యేకంగా ఒక రోజు లేదు, ఆరో రోజును పశువులతో పంచుకున్నాడు. ఏలమన్న వెంటనే వచ్చే వచనాల్లో ఆ పాలకుడికి ఆహారంగా ఇచ్చింది విత్తనాలూ పండ్లూ మాత్రమే, మాంసం ఊసు నోవహు కాలం దాకా రాదు. తన ప్రజల్ని తినే అనుమతి లేని రాజు అన్నమాట.

ఇక 2:15. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ వచనం చుట్టూనే తిరుగుతుంది. దేవుడు నరుణ్ని తీసుకుని ఏదెను తోటను "సేద్యపరచుటకును దాని కాచుటకును" అందులో ఉంచాడు. సేద్యపరచడం అన్న చోట ఉన్న 'ఆబద్' అన్న క్రియకు సేవ చేయడమని కూడా అర్థం. కాచుట అన్న చోట 'షామర్'. అహరోను యాజకుడు ప్రజల్ని దీవించే మాటల్లో, "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడునుగాక" అన్నప్పుడు ఆ కాపాడటం ఇదే షామర్. మనిషి పాపం చేసి తోట పోగొట్టుకున్నాక జీవవృక్షం దారిని కాచే పని కెరూబులనే దేవదూతలకు అప్పగించారు, అక్కడా ఇదే మాట. అంటే మనిషి నుంచి తీసేసుకున్న ఉద్యోగం అది.

తర్వాతి అధ్యాయంలో ఆ మాట మళ్లీ ఎవరి నోట వస్తుందో చూడండి. హేబెలును పొలంలో చంపేశాక "నీ తమ్ముడెక్కడ?" అని దేవుడు అడిగితే కయీను, నేను నా తమ్ముడికి కావలివాడినా అని ఎదురు ప్రశ్న వేస్తాడు. ఆ కావలి కూడా షామరే. తోటకు కావలి ఉండమన్న మాటా, తమ్ముడికి కావలి ఉండనన్న మాటా ఒకటే. అప్పుడు దేవుడు కయీనుతో మాట్లాడేది కూడా నేల గురించే. నీ తమ్ముడి రక్తం నేలలోంచి నాకు మొరపెడుతోంది, ఇక నువ్వు సేద్యం చేసినా ఆ నేల నీకు తన సారం ఇవ్వదు. మనిషి మనిషికి చేసిన ద్రోహానికి మొదటి సాక్షి నేల. శిక్ష అమలయ్యేదీ నేల మీదే.

"మాకు ఆత్మల రక్షణ ముఖ్యం, చెట్లూ చేమలూ తర్వాత" అనే మాటకు నా దగ్గర ఉన్న జవాబు ఇదే. ఆదికాండము ఈ రెంటినీ వేరు వేరు ఖాతాల్లో రాయలేదు.

కాలిపోవును అంటే

ఇప్పుడు మా బ్రదర్ అన్న మాట దగ్గరికి వద్దాం. పేతురు రెండో పత్రిక 3:10. ఆకాశాలు మహాధ్వనితో గతించిపోతాయి, "పంచభూతములు" లయమైపోతాయి, భూమీ దాని మీదున్న కృత్యాలూ "కాలిపోవును." తెలుగులో చదివితే ఇక మాట్లాడటానికేమీ లేదనిపిస్తుంది. కానీ 'పంచభూతములు' అన్నది మన అనువాదకుల ఎంపిక. మూలంలో ఉన్న 'స్తోయికేయా' అన్న గ్రీకు మాటకు మూలపదార్థాలు అనీ, ఆకాశంలోని జ్యోతులు అనీ రెండు రకాలుగా అర్థం చెప్పేవాళ్లున్నారు. ఇంతకన్నా ముఖ్యమైన ముడి ఆ చివరి క్రియలో ఉంది. నాలుగో శతాబ్దపు సినాయి ప్రతి, వాటికన్ ప్రతి వంటి పాత చేతిరాత ప్రతుల్లో అక్కడ "కాలిపోవును" అని లేదు. 'హ్యూరెథేసెతై' అని ఉంది. అంటే కనుగొనబడును, బయటపడును. అందుకే ఈ మధ్యకాలపు అనువాదాలు చాలావరకు భూమీ దాని మీద జరిగిన పనులూ బట్టబయలవుతాయి అని రాస్తున్నాయి. ఈ రెంటి మధ్య తేడా చిన్నది కాదు. ఒకటి చెత్త తగలబెట్టే మంట, ఇంకొకటి బంగారాన్ని పరీక్షించే కొలిమి.

ఈ ప్రతుల తేడా ఎవరికైనా నచ్చకపోయినా ఫరవాలేదు, పేతురు పోలికనే చూద్దాం. నాలుగు వచనాల ముందు ఆయన నోవహు జలప్రళయాన్ని గుర్తు చేస్తాడు. అప్పటి లోకం నీళ్లలో మునిగి "నశించెను" అంటాడు. నశించింది, నిజమే. కానీ నీళ్లు తీశాక నోవహు అడుగుపెట్టింది ఇంకో గ్రహం మీద కాదు, అదే నేల మీద. పైగా ఆ తర్వాత దేవుడు చేసిన నిబంధన నోవహుతో మాత్రమే కాదు, ఓడలోంచి బయటికొచ్చిన ప్రతి జంతువుతోనూ చేశాడని ఆదికాండము 9 మళ్లీ మళ్లీ చెబుతుంది.

పౌలు అయితే ఇంకా సూటిగా మాట్లాడతాడు. "సృష్టి యావత్తు ఇదివరకు ఏకగ్రీవముగా మూలుగుచు ప్రసవవేదనపడుచునున్నది" అని రోమా 8:22. మరణవేదన అనలేదు, ప్రసవవేదన అన్నాడు. పురిటినొప్పులు పడుతున్న మనిషి పక్కన నిలబడి ఎలాగూ పోయేదే కదా అని ఎవరూ అనరు. సృష్టి కూడా నాశనమనే దాస్యం నుంచి విడుదల పొందుతుందని దానికి ముందు వచనంలోనే ఉంది. విడుదల పొందాలంటే అది ఉండాలి కదా.

సరే, ఇదంతా పక్కన పెట్టి, నిజంగానే అంతా కాలిపోతుందని అనుకుందాం. అయినా ఆ వాదన నిలబడదు. ఈ శరీరం మట్టిలో కలిసేదే అని క్రైస్తవులందరికీ తెలుసు. తెలిసి కూడా ఆసుపత్రులు కట్టారు, కుష్ఠురోగుల పుండ్లు కడిగారు. ఎలాగూ పోయే శరీరమే కదా అని మందు వేసుకోవడం మానేసిన విశ్వాసిని నేను చూడలేదు. పేతురు కూడా ఇవన్నీ లయమైపోతాయి కాబట్టి మీ ఇష్టమొచ్చినట్టు ఉండండి అనలేదు. మరింత పరిశుద్ధంగా, జాగ్రత్తగా ఉండమన్నాడు.

ఇక్కడ చాలామంది మార్టిన్ లూథర్‌ను తెచ్చుకుంటారు. రేపే లోకాంతమని తెలిసినా నేను ఈ రోజు ఒక ఆపిల్ మొక్క నాటుతాను అని ఆయన అన్నాడట. మాట బాగుంది, పోస్టర్ల మీద ఇంకా బాగుంటుంది. కాకపోతే ఆయన రచనల్లో అది ఎక్కడా లేదు. పరిశోధకులకు దొరికిన మొదటి ఆధారం 1944 నాటిది, లూథర్ పోయిన దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాతది. మంచి ఉద్దేశంతోనైనా లేని మాటల్ని సాక్ష్యంగా నిలబెట్టకపోవడం మంచిది. వాక్యంలోనే కావలసినంత ఉంది.

ఇంకో భయం కూడా ఉంది. చెట్టూ పుట్టా అంటూ పోతే చివరికి సృష్టికర్తను వదిలేసి సృష్టిని పూజించేదాకా వెళ్తామేమోనని. రోమా 1:25 హెచ్చరించింది దాని గురించే, ఆ ప్రమాదం లేదని నేననను. కానీ మన ఇళ్లలోకి తొంగిచూస్తే మోకరించేలా చేస్తున్నది చెట్టు కాదు. నిన్న కొన్న ఫోను బాగానే పనిచేస్తున్నా కొత్తది కొనమని పిలిచే గొంతుది చెట్టు గొంతు కాదు. దేవునికీ సిరికీ ఒకేసారి దాసులుగా ఉండలేరని యేసు చెప్పినప్పుడు పోటీదారు పేరు స్పష్టంగానే చెప్పాడు.

తమ్ముడెక్కడ?

పందొమ్మిదో శతాబ్దపు రెండో సగంతో పోలిస్తే 2011-2020 మధ్య భూమి సగటున 1.1 డిగ్రీల సెల్సియస్ వేడెక్కిందని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ తేల్చింది. ఆ అంకె చిన్నదిగా కనిపిస్తుంది. అదే నివేదికలో ఇంకో అంకె ఉంది. 2010-2020 మధ్య వరదలు, కరువులు, తుఫాన్ల వల్ల జరిగిన మరణాల రేటు, తట్టుకునే శక్తి బాగా ఉన్న ప్రాంతాల కంటే అది బాగా తక్కువున్న ప్రాంతాల్లో 15 రెట్లు ఎక్కువ. దీని పక్కనే పేదరికం మీద పనిచేసే ఆక్స్‌ఫామ్ సంస్థ 2020లో వేసిన లెక్క పెట్టుకుని చదవాలి. 1990 నుంచి 2015 వరకు లోకం వదిలిన కార్బన్ ఉద్గారాల్లో సగానికి పైగా అత్యంత ధనికులైన 10 శాతం మందివి. అత్యంత పేదలైన సగం జనాభా వాటా 7 శాతం.

పొగ వదిలేది ఒకరు, మునిగేది ఇంకొకరు. ఇది చదివాక కయీను ప్రశ్న పాతదిగా అనిపించదు. పొరుగువాణ్ని ప్రేమించమన్న ఆజ్ఞను మనం చాలా కాలం గోడకవతలి మనిషికే పరిమితం చేసుకున్నాం. మన బండి పొగా, మన ఏసీ కరెంటూ, మనం పారేసిన అన్నం వల్ల మీథేన్ వదిలే చెత్తకుప్పా ఎవరి తలుపు దగ్గరికి వెళ్తున్నాయో కనబడనంత కాలం అలా అనుకోవడం సులువే. ఇప్పుడు కనబడుతోంది.

ఇందులోనే ఒక జాగ్రత్త కూడా ఉంది. ఆ పేద సగంలో ఉన్నవాళ్లకు పర్యావరణ ప్రసంగం చేయడానికి మనం బయల్దేరకూడదు. వాళ్లు ఎప్పుడో ఆ జీవితం జీవిస్తున్నారు, వేరే దారి లేక. తక్కువలో బతకమనే మాట ఎక్కువ ఉన్నవాడికి చెప్పాల్సింది.

కొత్త ఫ్యాషనేం కాదు

ఇదంతా ఈ మధ్య పుట్టిన ఆలోచన అనుకునేవాళ్లు ధర్మశాస్త్రం మళ్లీ ఒకసారి చదవాలి. ద్వితీయోపదేశకాండము 20లో పట్టణాన్ని ముట్టడించిన సైన్యం కూడా పండ్ల చెట్లు నరకకూడదు. ఆ ఒక్క వచనం నుంచే యూదులు 'బల్ తష్‌హిత్' అనే నియమాన్ని అల్లుకున్నారు. పనికొచ్చే దేన్నీ ఊరికే పాడుచేయకూడదన్నది దాని సారం. 22వ అధ్యాయంలో పక్షి గూడు కనబడితే పిల్లల్ని తీసుకోవచ్చు కానీ తల్లిని వదిలేయాలి. ఏడేళ్లకోసారి పొలానికే విశ్రాంతి. ఆ విశ్రాంతి ఇవ్వకపోతే ఏమవుతుందో దినవృత్తాంతముల రెండో గ్రంథం చివర్లో ఉంది. ప్రజలు బబులోను చెరకు పోయారు, వాళ్లు లేని డెబ్బై ఏళ్లూ దేశం తనకు రావలసిన విశ్రాంతిని వడ్డీతో సహా తీసుకుంది. (వడ్డీ అన్న మాట నాది.) వీటన్నిటికీ పునాది లేవీయకాండము 25:23లో ఒక చిన్న వాక్యం: "ఆ భూమి నాదే."

సంఘ చరిత్రలో దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఉత్తర ఇథియోపియాలో ఉంది. అక్కడి ఎత్తైన ప్రాంతాల్లో అడవి చాలావరకు ఎప్పుడో పోయింది. పైనుంచి తీసిన ఫోటోలు చూస్తే కనుచూపు మేర గోధుమరంగు పొలాలు, మధ్యమధ్యలో ఆకుపచ్చ చుక్కలు. ఒక్కో చుక్క మధ్యలో ఒక గుండ్రటి కప్పు. అవి ఇథియోపియా ఆర్థడాక్స్ చర్చిలు. చుట్టూ ఉన్న చెట్లు గుడికి వస్త్రం లాంటివని, వాటిని నరకకూడదని అక్కడి యాజకులు శతాబ్దాలుగా నమ్మారు. చుట్టుపక్కల అంతా పోయినా ఆ ముక్కలు మిగిలాయి. అక్కడి స్థానిక వృక్షజాతులు చాలావాటికి ఇప్పుడు అవే ఆశ్రయం. అయితే పశువులు లోపలికి వచ్చి మొలకల్ని మేసేయడంతో అవి కూడా అంచుల నుంచి కుంచించుకుపోవడం మొదలైంది. అలెమాయెహు వాసీ అనే అటవీ శాస్త్రవేత్త యాజకులతో కూర్చుని మాట్లాడి, చుట్టూ రాతి గోడలు కట్టే పని మొదలుపెట్టించాడు. రాళ్లు పక్క పొలాల్లోంచే ఏరారు. పొలాలు బాగుపడ్డాయి, అడవికి కంచె దొరికింది. ఏదెను తోటను కాయడం అంటే ఏంటో నాకు పుస్తకాల కన్నా ఆ గోడ బాగా చెప్పింది.

పెద్ద సంఘాల్లో అధికారిక మాట కాస్త ఆలస్యంగానే వచ్చింది. ఆర్థడాక్స్ సంఘాల్లో పెద్దయిన కాన్‌స్టాంటినోపుల్ పేట్రియార్క్ దిమిత్రియోస్ 1989లో సెప్టెంబరు 1ని సృష్టి కోసం ప్రార్థించే రోజుగా ప్రకటించారు. ఆయన తర్వాత వచ్చిన బర్తలోమయో 1997లో ప్రకృతి మీద చేసే నేరం పాపమేనని బహిరంగంగా అన్నారు. ఇవాంజెలికల్ సంఘాలు 2010లో కేప్‌టౌన్‌లో జరిగిన లోజాన్ ఉద్యమ మహాసభలో సృష్టి పట్ల శ్రద్ధను సువార్తతో ముడిపెట్టాయి. 2015లో పోప్ ఫ్రాన్సిస్ దీని మీదే పూర్తి విశ్వలేఖ (సంఘమంతటికీ పోప్ రాసే లేఖ) రాశారు. అప్పుడు గానీ చాలామంది పాస్టర్లు ఈ మాట ప్రసంగ వేదిక మీద ఎత్తలేదు.

ఇంట్లో ఏది పెద్దది, ఏది చిన్నది

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. కంటికి కనబడే చిన్నవాటితో తృప్తి పడి, కనబడని పెద్దవాటిని వదిలేస్తాం. గుడ్డ సంచినే తీసుకోండి. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో ఒక అధ్యయనం చేయించింది. వాతావరణ ప్రభావం ఒక్కటే చూసినా, మామూలు పల్చటి ప్లాస్టిక్ సంచికి సాటి రావాలంటే ఒక పత్తి సంచిని కనీసం 52 సార్లు వాడాలి. మిగతా ప్రభావాలన్నీ కలిపితే వేల సార్లు. గాలికి ఎగిరి కాలవల్లో పడే చెత్తను ఆ అధ్యయనం లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి ప్లాస్టిక్ మంచిదని దీనర్థం కాదు. ప్రతి సభలో ఇచ్చే గుడ్డ సంచులు ఇంటి తలుపు వెనక పదిహేను వేలాడుతుంటే మాత్రం అది సంరక్షణ కాదు. ఉన్న ఒక్కదాన్నే చిరిగేదాకా వాడటం సంరక్షణ.

రీసైకిల్ డబ్బాతో కూడా అదే చిక్కు. 2015 వరకు లోకంలో పుట్టిన ప్లాస్టిక్ వ్యర్థంలో రీసైకిల్ అయింది సుమారు 9 శాతమేనని 2017లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. మా సంఘంలో ఆ సీసాలు ఏ రంగు సంచిలో వేశామన్నది పెద్ద ప్రశ్నే కాదు. అసలు ఎందుకు కొన్నామన్నదే ప్రశ్న.

నిజంగా పెద్దవి ఏవంటే ఎలా ప్రయాణిస్తాం, ఇంటిని చల్లబరచడానికీ వేడి చేయడానికీ ఏ కరెంటు ఎంత వాడతాం, ఏం తింటాం, ఎంత పారేస్తాం. చివరిదాన్నే కాస్త దగ్గరగా చూద్దాం. 2022లో లోకం పారేసిన ఆహారం 105 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం అంచనా. అందులో 60 శాతం హోటళ్లదీ దుకాణాలదీ కాదు, ఇళ్లది. ఫ్రిజ్‌లో వెనక వరసలో మూత పెట్టిన చిన్న గిన్నె ఉంటుంది. గురువారం పెట్టాం, శుక్రవారం తిందామనుకున్నాం, ఆదివారం తెరిచి వాసన చూసి పారేశాం. పారేసింది గుప్పెడే, కానీ దాంతోపాటు దాన్ని పండించిన నీళ్లూ, మోసుకొచ్చిన డీజిలూ, వండిన గ్యాసూ అన్నీ పోయాయి.

అయిదు వేలమందికి పెట్టాక యేసు ఏమన్నాడో గుర్తుందా? "ఏమియు నష్టపడకుండ మిగిలిన ముక్కలు పోగుచేయుడి" అన్నాడు. కావాలంటే మళ్లీ ఎంతైనా పుట్టించగలిగినవాడు అన్న మాట అది. అద్భుతం గురించి వందల ప్రసంగాలు విన్నాను, ఆ పన్నెండు గంపలు ఎత్తిన శిష్యుల గురించి రెండో మూడో విన్నాను.

కార్బన్ ఆఫ్‌సెట్ల గురించి ఒక్క మాట. విమానం ఎక్కి, ఎక్కడో చెట్లు నాటే కంపెనీకి కొంత సొమ్ము కట్టి, లెక్క సరిపోయిందని అనుకోవడం. కొన్ని పథకాలు నిజంగా పనిచేస్తుండవచ్చు. కానీ 1517లో లూథర్ పాపపరిహార పత్రాల అమ్మకం మీద లేచాడని గుర్తున్న ప్రొటెస్టెంటుకు ఈ ఏర్పాటు చూస్తే కాస్త ఇబ్బందిగానే ఉండాలి. డబ్బు కట్టి పరిహారం కొనుక్కునే పద్ధతి మనకు పాత పరిచయమే. మారుమనస్సు అంటే దారి మళ్లడం, చలానా కట్టడం కాదు.

నా వరకు అన్నిటికన్నా పనిచేసింది ఇవేవీ కాదు, విశ్రాంతి దినం. వారంలో ఒక రోజు ఏమీ కొనకుండా, ఏమీ ఆర్డర్ పెట్టకుండా, బండి తీయకుండా ఉండటం. మొదట్లో టెన్షన్‌గా ఉండేది, ఏదో మర్చిపోయినట్టు చెయ్యి ఫోను కోసం వెతికేది. నాలుగైదు నెలలకు ఆ రోజు కొనకుండా ఆగినవాటిలో చాలావరకు సోమవారానికి అక్కర్లేకుండా పోతున్నాయని గమనించాను. నిర్గమకాండములో విశ్రాంతి మనిషికే కాదు, ఎద్దుకూ గాడిదకూ కూడా. మనం ఆగితే మన కోసం పరిగెడుతున్నవన్నీ ఆగుతాయి.

ఒక మనిషి మారితే ఏమవుతుంది అని అడిగేవాళ్లూ ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. భూమిని రక్షించే భారం మన మీద లేదు, ఆ పని చేసేవాడు వేరే ఉన్నాడు. మన మీద ఉన్నది గృహనిర్వాహకుడి పని. అతని నుంచి కోరేది నమ్మకత్వం, ఫలితాల గ్రాఫు కాదు. అలాగని ఒంటరిగానే ఉండిపోనక్కర్లేదు. సంఘం కూడా కొంటుంది, కడుతుంది, కరెంటు వాడుతుంది, డబ్బు దాచుకుంటుంది. ఇంగ్లండు చర్చి పాలక సభ అయిన సినడ్ 2020లో నికర ఉద్గారాలను 2030కల్లా సున్నాకు తేవాలని తీర్మానించింది. 2023లో ఆ చర్చి నిధుల్ని చూసే కమిషనర్లు పెద్ద చమురు కంపెనీల్లో మిగిలిన పెట్టుబడుల్ని కూడా వదులుకున్నారు. వారానికి మూడు గంటలు వాడే పెద్ద హాలు కట్టి, దాన్ని చల్లబరచడానికి రెండు గంటల ముందే ఏసీ వేసే సంఘం సీసాల గురించి మాత్రమే మాట్లాడితే చాలదు.

మా సీసాల సంగతి ఏమైందంటే, ఆరు నెలల చర్చ తర్వాత పెద్ద నీళ్ల డబ్బా ఒకటీ, డెబ్బై గ్లాసులూ కొన్నారు. కడిగే వంతుల జాబితా వంటగది గోడకు అంటించారు. చూస్తే పేర్లన్నీ అక్కలవే. ఎప్పుడూ పెద్దగా మాట్లాడని ఒక అక్క ఆ కాగితం ముందు నిలబడి, "సృష్టిని కాపాడటమంటే మా చేత ఇంకో డెబ్బై గ్లాసులు తోమించడమా?" అంది. జాబితా చింపి కొత్తది రాశాం. 'కాలిపోయేవేగా' అన్న బ్రదర్ పేరు రెండో వారంలో వచ్చింది. వచ్చాడు కూడా, చొక్కా చేతులు పైకి మడిచి అన్నీ శుభ్రంగా కడిగాడు. కాకపోతే కడిగినంతసేపూ కుళాయి ధారగా వదిలేసే ఉంచాడు. తొట్టిలో నీళ్లు పట్టుకుని కడగమని ఆయనకు చెప్పే ధైర్యం మాలో ఎవరికీ ఇంకా రాలేదు.